దిగిపోయినోళ్ళ లెక్క

ఇరవై ఆరేండ్లు ముషీరాబాద్ డిపోల కండక్టర్ని.
కదిలే బస్సుల కడ్డీ ముట్టకుండ నిలబడి
చిల్లర లెక్కవెట్టిన కాళ్ళు ఇవి.
ఎవరు ఎక్కడ ఎక్కిన్రు, ఎవరు ఎక్కడ దిగాలె,
మొఖం చూసి చెప్తుంటి.

రిటైరైనంక మోకాళ్ళు మూలిగితే
పార్సిగుట్ట కమ్యూనిటీ హాల్ల షగుఫ్త చేతికి చిక్కిన.
మనుమరాలి ఈడు పిల్ల.
సీటీ ఊదుడు లేదు, కసురుడు లేదు.
"బాలామణమ్మా, ఇంకొక్కటి" అంటది.
ఆ ఒక్కటి ఎన్నడూ ఒక్కటి కాదు.
రెండేండ్లల్ల ఒక కిలో డంబెల్ ఐదు కిలోలైంది.
నిండు సిలిండర్ను వంటింట్లకు నేనే దొర్లించుకపోతుంటె
తెచ్చిన పిలగాడు తలుపుకాడ నిలబడి చూసిండు.

ఎండకాలం పోతుంటె కుడికంటికి ఆపరేషన్.
"నెల రోజులు బరువు ఎత్తొద్దు" అన్నడు డాక్టర్ సాబ్.
నెల ఆయన చెప్పింది.
తర్వాతి మూడు నెలలు నాకు నేను చెప్పుకున్నయి:
వాన, బోనాలు, వదిన సంవత్సరీకం, మళ్ళ వాన.
పొద్దుగాల నడక మాత్రం ఇడ్వలే.
నడుస్తున్న గద, సాలు అనుకున్న.

కన్ను తేటవడ్డది.
ఆ కంటికి మొదట కనవడ్డది
చెయ్యి లేపితే మోచేతి దాక జారొచ్చిన గాజులు.

కాంటా ఎక్కిన. అదే అరవై రెండు.
తరగలే, పెరగలే.
సంబురపడబోయిన గని
కండక్టర్ బుద్ధి, ఊకోదు.
సీట్లు నిండుగనే ఉన్నయి,
కూసున్నోళ్ళు మారిన్రు.
తొడల కండ ఏ స్టేజిల దిగిందో,
దాని జాగల మెత్తగ కొవ్వెప్పుడు ఎక్కి కూసున్నదో,
టికెట్ కొట్టలే, బెల్లు కొట్టలే,
రైట్ రైట్ అని నేనే అన్ననేమొ.

వేలు గుచ్చి చూస్తె పరిగడుపున నూట ముప్పై ఎనిమిది.
తిండి అదే, గోలీ అదే.
చక్కెరను దించుకునే కండ తక్కువైతే
అది నెత్తుర్ల తిరుగుతనే ఉంటదని
షగుఫ్త చెప్పింది తర్వాత.
దిగే జాగ దొరకని ప్యాసింజర్ లెక్క.

నూనె డబ్బ మూత పక్కింటి ఎస్తేరు తీసిచ్చింది.
బాత్రూంల నల్లా పట్టుకోని లేసిన,
నల్లా ఊడొచ్చింది.

ఒకనాడు రాంనగర్ కాడ బస్సెక్కబోయిన.
నా డిపో బస్సే.
కాలు లేసింది, మెట్టు దాక పోలే.
వెనక ఆడోళ్ళు ఆగిన్రు. డ్రైవర్ అద్దంల చూసిండు.
కొత్త కండక్టర్ పిల్ల చెయ్యందిచ్చింది:
"అమ్మమ్మా, నిమ్మళంగ."
ఎంతమందికి అన్ననో ఆ మాట.
జీరో టికెట్ చేతుల వెట్టింది.
అక్షరం అక్షరం చదివిన.
కన్ను బాగనే కనవడ్తుంది.

తెల్లారి హాలుకు పోయిన.
కుర్చీ ఏసి, ఫోన్ల అర నిమిషం పెట్టింది షగుఫ్త.
చేతులు రొమ్ము మీద కట్టుకోని
లేసుడు, కూసునుడు, లేసుడు.
పోయినసారి పదహారు. ఈసారి తొమ్మిది.
పదోది సగంల ఆగింది,
లేసినట్టు కాదు, కూసున్నట్టు కాదు,
ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నట్టు.
"రాయకు" అన్న.
"రాస్తా. లేకుంటె ఎక్కడ్నించి ఎక్కించుకుందాం?" అన్నది.

ఇప్పుడు మళ్ళ గులాబి రంగుది, ఒక్క కిలో.
పక్కన సుగుణక్క నాలుగు ఎత్తుతది,
నా దిక్కు చూడది. మర్యాద.
మూడు వారాలకు పన్నెండు వచ్చినయి.
మొదటిసారి ఇన్ని రానీకి నాలుగు నెలలు పట్టె.
దిగిపోయినోళ్ళు బాట మర్సిపోలేదేమొ.
షుగర్ ఇంక దిగలే. చూడాలె.

మాఘంల ఎడమకన్ను అంటున్నడు డాక్టర్ సాబ్.
"బరువు ఎత్తొద్దు" అంటడు, ఎరుకే.
ఎత్త. గని ఈసారి అడుగుత,
ఎంత బరువు, ఎన్ని దినాలు,
ఏ తారీఖు నుంచి మళ్ళ ఎత్తాలె,
చీటీ మీద రాసియ్యమంట.
దిగే స్టేజి పేరు లేని టికెట్
నా సర్వీసుల ఒక్కటి గూడ కొట్టలే.